అట్ట ఉందా?

పాత చందమామ సంచిక దొరికిందని మా మిత్రుల్లో ఎవరికి ఫోను చేసినా అవతలినుంచి మొదట వచ్చే మాట "అట్ట ఉందా?" అనే. ఏ నెల, ఏ సంవత్సరం, ఎంతకిచ్చాడు అన్నవి ఆ తర్వాత. లోపలి కథలు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి, స్కాన్లు చాలామంది దగ్గరున్నాయి. అయితే తెరమీద వెలిగే రంగు వేరు, ఆనాటి కాగితంలోకి ఇంకిన సిరా రంగు వేరు. భూతద్దం పెట్టి చూస్తే సన్నని చుక్కలు ఒకదానిమీద ఒకటి పడి, చిత్రకారుడు వడ్డాది పాపయ్య (వపా) గారి సంధ్యాకాశం ఎలా పుట్టిందో తెలుస్తుంది.

ఆ అట్టలు ఇంత అరుదు కావడానికి కారణం జనం ఆ పత్రికను ప్రేమించడమే. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టిన చందమామ ఇంటికి వస్తే ఒకరు చదివి పడేసే వస్తువు కాదు. ఏడాది తిరిగేసరికి పన్నెండు సంచికలూ బైండరు దగ్గరికి వెళ్ళేవి. అతను పిన్నులు పీకి, అట్టలు, ప్రకటనల కాగితాలు తీసేసి, దారంతో కుట్టి, మూడు వైపులా కత్తిరించి, కాలికో గుడ్డ అంటించి ఇచ్చేవాడు. పిల్లలు, మనవలు లాగి పీకినా ఆ బైండు చెక్కుచెదరలేదు. కథలు బతికాయంటే ఆ బైండ్ల పుణ్యమే. చిత్రకారుడు ఆచార్య గారి మహాభారత ముఖచిత్రాలు, వాటి తర్వాత దశాబ్దాలపాటు వపా వేసిన ముఖచిత్రాలు మాత్రం బైండరు బల్ల కిందే రాలిపోయాయి. గోడకెక్కినవి కొన్ని, పాఠ్యపుస్తకాలకు తొడుగులైనవి కొన్ని.

అందుకే బజార్లో విడి సంచికకు ఒక ధర, బైండుకు ఒక ధర. ఒక్కో విడి సంచిక కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసేవాళ్ళు ఉన్నారు. నా మనసు మాత్రం బైండ్ల వైపే మొగ్గుతుంది, ముఖ్యంగా ఇంట్లో ఆడవాళ్ళు చేత్తో కుట్టుకున్న సీరియళ్ళ వైపు. వారపత్రికలోంచి ప్రతివారం నాలుగైదు కాగితాలు చించి, దాచి, ముగింపు వచ్చాక గోనెసూదితో కుట్టి, పైన క్యాలెండరు కాగితం అతికించిన పుస్తకాలవి. వాటికి అట్ట ఎప్పుడూ లేదు. కాగితం తిప్పితే వెనకవైపు సగం తెగిన జోకు, సబ్బు ప్రకటన, వేరెవరి కథదో ఆఖరి పేరా ఉంటాయి. మధ్యలో ఒక వారం తప్పిపోతే అక్కడ తెల్లకాగితం కుట్టి, జరిగిన కథ క్లుప్తంగా పెన్సిలుతో రాసి పెట్టినవాళ్ళున్నారు. సీరియలు నవలగా అచ్చయ్యాక చాలాసార్లు బొమ్మలు ఎగిరిపోయాయి. వారంవారం బాపు వేసిన ఆ బొమ్మలు కథతో కలిసి కనబడేది ఈ కుట్టుపుస్తకాల్లోనే. వీటిని తూకానికి అమ్మేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

డిటెక్టివ్ నవలల సంగతి ఇంకా కష్టం. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, అసిస్టెంటు రాజు, ఆ తర్వాత మధుబాబు షాడో, వీళ్ళంతా అద్దె పుస్తకాల షాపుల్లో బతికారు. రోజుకింత అని అద్దె కట్టి తెచ్చుకున్న నవలను ఇంట్లో నలుగురూ వంతులవారీగా చదివేవాళ్ళు. షాపువాడు కొత్త పుస్తకం రాగానే వెన్నుకు మూడు చిల్లులు వేసి ట్వైన్ దారంతో కుట్టి, మందపాటి అట్ట వేసి, నంబరు రాసి, లోపల పేజీల మీద రబ్బరుస్టాంపు కొట్టేవాడు. పిస్తోలు, పరుగెత్తే కారు, భయంతో నోరు తెరిచిన అమ్మాయి ఉన్న ఆ రంగుల ముఖచిత్రం దాని కిందే మూసుకుపోయింది, లేదా చేతుల్లో నలిగి ఊడిపోయింది. పుస్తకమైతే వందలమంది చేతులు మారింది. బొమ్మ వేసిన మనిషి పేరు చాలా నవలల్లో ఎక్కడా కనబడదు.

పేరు లేకపోవడం బొమ్మలకే పరిమితం కాదు. 1954లో మొదలైన తోకచుక్క దగ్గర్నుంచి చందమామలో వరసగా సీరియళ్ళు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు ఆ రోజుల్లో పిల్లలకు తెలియదు. వాటికి చిత్రకారుడు చిత్రా వేసిన బొమ్మలు గుర్తుండేవి, రాసినదెవరో తెలిసేది కాదు. ఆయన పేరు తర్వాతి కాలంలో పాఠకులే పట్టుబట్టి వెలికితీశారు. అట్టల చిత్రకారులకూ ఆ న్యాయం జరగాలి.

హైదరాబాదులో ఆదివారం షాపులు మూసి ఉంటే అబిడ్స్ ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుస్తారు. విజయవాడలో లెనిన్ సెంటర్ ఉండనే ఉంది. ఈమధ్య అక్కడా ఇక్కడా ఒక కొత్త వ్యాపారం చూస్తున్నాను. యువ మాసపత్రిక దీపావళి సంచికలోంచి వపా బొమ్మ బ్లేడుతో కోసి, ఫ్రేము కట్టి అమ్ముతున్నారు. బొమ్మకు వచ్చే డబ్బు పుస్తకానికి రాదని ఒకతను నిజాయితీగానే చెప్పాడు. "అన్నా, మిగతా పుస్తకం ఏం చేశావు?" అని అడిగితే పక్కనున్న గుట్ట చూపించాడు. ఆ గుట్టలో ఆనాటి పేరున్న రచయితల కథలున్నాయి. అతనికి బేరాలు ఉన్నంతకాలం కోస్తూనే ఉంటాడు కాబట్టి, కోసిన బొమ్మ కొనకూడదని మా మిత్రులం కట్టడి పెట్టుకున్నాం. మంచి బైండును విప్పి విడి సంచికలుగా అమ్మడం కూడా అలాంటిదే.

దొరికినదాన్ని కాపాడడం మన చేతుల్లో పనే. చౌక కాగితం చెక్కగుజ్జుతో చేసింది, ఎండ తగిలితే పచ్చబడి పెళుసవుతుంది. తుప్పు పట్టిన పిన్ను తీసి నూలుదారంతో కుట్టాలి. చిరిగినచోట సెల్లోటేపు మాత్రం అంటించొద్దు, దాని జిగురు ముదురు గోధుమరంగు మరకై కాగితంలోకి దిగిపోతుంది. పలచని కాగితం, మైదాపిండి ఉడికించిన పల్చటి జిగురు చాలు. పురుగు పట్టకుండా నెలకోసారి పేజీలు తిప్పి గాలి తగలనివ్వాలి.

మా మిత్రుల మధ్య జరిగే పుస్తకాల మార్పిడిలో డబ్బు తక్కువ. ఇద్దరి దగ్గరా రెండేసి ఉన్నవి ఎదురుబదురు ఇచ్చుకుంటాం, ఇచ్చేముందు అట్ట ఫొటో తీసి, ఏ ప్రెస్సు, ఏ ఏడాది, మూలన ఎవరి సంతకం అన్నది రాసిపెడతాం. డిటెక్టివ్ నవలల వరసలో ఖాళీలు ఎక్కువ. మీ ఇంట్లో అటక మీద యుగంధర్ నవల అట్టతో సహా ఉంటే పుస్తకం మీ దగ్గరే ఉంచుకోండి. కుడివైపు కింది మూలలో రెండు మూడు అక్షరాలేమైనా కనబడుతున్నాయేమో చూసి, అవేమిటో మాకు చెప్పండి.