చేపకూ ఒక గడువు

కెనడాలో మా అబ్బాయి దగ్గర నెలరోజులు ఉండి వచ్చానని తెలిసిన దగ్గర్నుంచి, తెలిసినవాళ్ళంతా నన్ను అడిగేది ఒకే ప్రశ్న. "అక్కడ నదిలో మనిషంత చేపలు పడతారటగా! ఏ నెలలో వెళితే బాగుంటుంది?" అడిగినవాళ్ళలో సగంమందికి పాస్‌పోర్టు కూడా లేదు. అయినా మనకు చేప మాటంటే చెవి నిక్కబొడుచుకుంటుంది. అందులోనూ నేను యానాంవాణ్ణి. బి.కాం. చదివి, ముప్పై ఏళ్ళుగా బ్యాంకు ఉద్యోగం చేస్తూ ఊళ్ళు తిరుగుతున్నా, గౌతమి ఒడ్డున పుట్టినవాడికి చేపల సంగతి తెలియకుండా ఉంటుందా అని వాళ్ళ నమ్మకం.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఆ నది సంగతి చెప్పాలి. దాని పేరు ఫ్రేజర్. బ్రిటిష్ కొలంబియా కొండల్లో పుట్టి, సుమారు 1,375 కిలోమీటర్లు పారి, వాంకూవర్ పక్కన సముద్రంలో కలుస్తుంది. అందులోకి సముద్రం నుంచి అయిదు రకాల సాల్మన్ చేపలు ఎదురెక్కి వస్తాయి. చినూక్ వసంతంలో మొదలుపెట్టి శరదృతువు దాకా విడతలు విడతలుగా వస్తుంది. సాకై జూలై చివరి నుంచి సెప్టెంబరు దాకా. పింక్ అనేది బేసి సంవత్సరాల్లోనే, ఆగస్టు చివరా సెప్టెంబరులోనూ. కోహో, చమ్ అక్టోబరు, నవంబరు నెలల్లో. ఇక స్టర్జన్ ఆ నదిలోనే ఉంటుంది. ఏడాది పొడుగునా దొరుకుతుంది గాని, వసంతంలోనూ, సాల్మన్లు వచ్చిపోయే సెప్టెంబరు నుంచి నవంబరు దాకానూ బాగా దొరుకుతుంది. చచ్చిన సాల్మన్లను తిని బలిసే కాలం అది. అడిగినవాళ్ళకు ఇంతవరకూ చెబితే సరిపోతుంది. కాని నాకు సరిపోలేదు.

2023 సెప్టెంబరులో మా అబ్బాయి మా ఇద్దరినీ ఒక పడవ మీద తీసుకువెళ్ళాడు. పడవ నడిపి చేప పట్టించే మనిషికి అరవై దాటి ఉంటాయి. ఎక్కగానే అతను చేసిన మొదటి పని గాలం తియ్యడం కాదు, మా లైసెన్సులు చూడడం. స్టర్జన్‌కు వేరే లైసెన్సు ఉంది. కొక్కేనికి ముల్లు ఉండకూడదు. పట్టిన స్టర్జన్‌ను వదిలిపెట్టి తీరాలి. 1994 నుంచి ఆ నదిలో అదే నియమం. "అయితే ఎందుకు పట్టడం?" అంది మా ఆవిడ తెలుగులో. మా అబ్బాయి నవ్వి ఊరుకున్నాడు, అతనికి అనువదించలేదు.

ఎరగా అతను సాల్మన్ గుడ్లను సన్నని నైలాను గుడ్డలో మూటకట్టి కొక్కేనికి తగిలించాడు. గంటన్నర తరువాత గాలం వంగింది. నలభై నిమిషాలు మా అబ్బాయి లాగాడు, చేప లాగింది. చివరికి పడవ పక్కకు వచ్చింది ఏడడుగుల చేప. పొలుసులు లేవు, ఒంటి మీద వరుసగా ఎముక బిళ్ళలు. పళ్ళు లేవు, మూతి కింద నాలుగు మీసాలు. దీని వంశం డైనోసార్ల కాలం నాటిది. ఆ మనిషి దాన్ని నీళ్ళలోనే ఉంచి కొలతలు తీసుకున్నాడు. తల వెనక ఒక చిన్న యంత్రం ఆనిస్తే అది కూసింది. చర్మం కింద బియ్యపుగింజంత గుర్తు ఒకటి ఉంది. దాని అంకె వేసుకున్నాడు. ఇలా స్వచ్ఛందంగా అంకెలు వేసే పడవలవాళ్ళ లెక్కల మీద ఆధారపడే, 1997లో పుట్టిన ఒక సంరక్షణ సంఘం నదిలో ఎన్ని చేపలున్నాయో అంచనా కడుతుంది. నాకు అదంతా పాస్‌బుక్కులో ఎంట్రీ వేస్తున్నట్టు కనిపించింది.

"దీనికి ఎంత వయసుంటుంది?" అని అడిగాను. నా వంక చూసి, "నీ అంత ఉండొచ్చు," అన్నాడు. నూరేళ్ళు దాటి బతికే చేపలట ఇవి. ఆడ స్టర్జన్ ఇరవై ఏళ్ళ పై చిలుకు వస్తే గాని మొదటిసారి గుడ్లు పెట్టదు. పెట్టాక కూడా ఏటా పెట్టదు, కొన్నేళ్ళకొకసారే. అంటే మనం చంపి తిన్నది ఒక చేపను కాదు, ఇరవై ఏళ్ళ గడువున్న డిపాజిట్టును. ఈ లెక్క ఆ దేశంవాళ్ళకు ఎలా తెలిసిందంటే, దివాలా తీసి తెలుసుకున్నారు. 1897లో ఫ్రేజర్‌లో అయిదు లక్షల కిలోలకు పైగా స్టర్జన్ పట్టారు. పదేళ్ళు తిరగకుండా ఆ వ్యాపారం కూలిపోయింది. నూరేళ్ళ తరువాత కూడా ఆ ఖాతా పూర్తిగా పూడలేదు.

సాల్మన్ కథ వేరు. అది అసలూ వడ్డీ కలిపి ఒకేసారి చెల్లించే చేప. నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, పుట్టిన వాగునే వెదుక్కుంటూ వస్తుంది. నదిలోకి వచ్చాక తిండి ముట్టదు. కొన్ని వెయ్యి కిలోమీటర్లు దాటి ఎదురెక్కుతాయి. గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. పింక్ ఆయుష్షు రెండేళ్ళే, అందుకే ఆ నదిలో బేసి సంవత్సరం లెక్క. సాకైది ఎక్కువగా నాలుగేళ్ళు. ఆడమ్స్ అనే ఉపనదికి అవి 2010, 2014, 2018, 2022లలో పెద్ద గుంపులుగా వచ్చాయి. కాని ఈ గడువులను నమ్ముకుని కూర్చోడానికి లేదు. 2009లో కోటికి పైగా సాకై వస్తాయని లెక్కగడితే, పదిహేను లక్షలు కూడా రాలేదు. ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. మరుసటి ఏడే మూడు కోట్ల దాకా వచ్చాయి. అందుకని అక్కడ ఏ చేపను ఎప్పుడు పట్టవచ్చో పంచాంగంలో ముందే రాసిపెట్టరు. వచ్చినవాటిని లెక్కపెట్టి, కొండమీదకు పోవలసినన్ని పోయాయని తేలాక, మిగులు ఉంటేనే అనుమతిస్తారు. 2019 నుంచి చినూక్ మీద ఆంక్షలు మరీ పెరిగాయి. బ్యాలెన్సు చూడకుండా చెక్కు పాస్ చెయ్యరన్నమాట.

మనుషులు ఆ నదికి చేసిన కీడూ తక్కువది కాదు. హెల్స్ గేట్ అని ఒక ఇరుకు కనుమ ఉంది. 1914లో అక్కడ రైలుమార్గం పనుల వల్ల కొండ విరిగి నదిలో పడింది. లక్షలాది సాల్మన్లు పైకి పోలేక అక్కడే చచ్చాయి. ముప్పై ఏళ్ళు గడిచాక, 1945–46లలో గాని చేపలెక్కే మెట్ల కాలువలు కట్టలేదు. ఆ నది ఒడ్డున తరతరాలుగా ఉన్న స్టోలో జనం మాత్రం మొదటి సాల్మన్‌ను ఊరంతా పంచుకుని, ఎముకలను మళ్ళీ నదికే ఇచ్చే ఆచారం ఇప్పటికీ పాటిస్తున్నారు. స్టోలో అంటే వాళ్ళ భాషలో నది అనే అర్థం. నది పేరే తమ పేరుగా పెట్టుకున్న జనం!

ఇదంతా వింటుంటే నా మనసు యానాంలో తిరుగుతోందంటే పాఠకులు ఆశ్చర్యపోరు. మనకూ ఎదురెక్కే చేప ఉంది. సముద్రంలో ఉన్నంతసేపూ విలస. గోదావరికి ఎర్రనీరు వచ్చాక ఏరెక్కితే పులస. జూలై నుంచి సెప్టెంబరు దాకా దాని రోజులు. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత మన దగ్గర పసిపిల్లలకు కూడా వచ్చు. యానాం రేవులో వేలంపాట పెడితే ఒక్క చేప వేలల్లో పలుకుతుంది. మట్టి దాకలో, కట్టెల పొయ్యి మీద, బెండకాయలు వేసి పులుసు పెట్టి, మర్నాటికి తింటే దాని రుచి దానిదే. సాల్మన్‌కూ దీనికీ ఒక్కటే పెద్ద తేడా. పులస గుడ్లు పెట్టి చావదు, మళ్ళీ సముద్రానికి పోయి, ఇంకో ఏడు రాగలదు. అంటే మన చేప సాల్మన్ కంటే మంచి ఖాతాదారు. తిరిగి వస్తుంది, వదిలితే.

వదలడమే లేదు. ధవళేశ్వరం దగ్గర 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది. ఆ నీళ్ళతో మన డెల్టా పచ్చబడింది, ఆ రుణం తీర్చలేనిది. కాని అంతకు ముందు ఇంకా పైకి పోయే పులసకు అదే పొలిమేర అయింది. గంగ మీద 1975లో వచ్చిన ఫరక్కా బ్యారేజీ కూడా అక్కడి ఇలిశకు అంతే చేసింది. ఇక ఆనకట్టకూ సముద్రానికీ మధ్య మిగిలిన ఆ కాస్త నీళ్ళలో ఎన్ని వలలో! పైగా కడుపులో జన ఉన్న పులసకే మనం ఎక్కువ ధర ఇస్తాం. గడువు తీరని డిపాజిట్టును విరగ్గొడితే బ్యాంకు జరిమానా వేస్తుంది. మనం చేపల దగ్గర బహుమానం ఇస్తున్నాం.

సముద్రంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో యాంత్రిక పడవల వేట ఆపుతారు. మంచిదే. కాని పులస ఏరెక్కేది అది అయిపోయాక. బంగ్లాదేశ్‌లో అక్టోబరు పున్నమి ముందువెనకల 22 రోజులు ఇలిశ పట్టడం, అమ్మడం, మొయ్యడం కూడా నిషేధం. చేప గుడ్లు పెట్టే రోజులను చూసి పెట్టిన గడువు అది. మన గౌతమికి కూడా అలాటి కొద్దిరోజులు ఉంటే బాగుండునని నా కోరిక.

ఇందులో ఇంకొక బాధ కూడా ఉంది. మన పత్రిక చదివే మనందరికీ అది తగులుతుంది. ఆ రోజు పడవలో మా అబ్బాయికి జన అన్న మాట తెలియలేదు. పోటు, పాటు అంటే నీళ్ళు ఎక్కడం, దిగడం అని మా ఆవిడ చెప్పింది. వాడు పుట్టింది బెంగుళూరులో, పెరిగింది నా బదిలీలలో; తెలుగు ఇంట్లో మాట్లాడతాడు, రేవులో ఎప్పుడూ మాట్లాడలేదు. విలస, పులస, ఎర్రనీరు, జన, ఇవన్నీ నిఘంటువు పట్టుకుని బతికే మాటలు కావు. చేపను పట్టుకుని బతికేవి. చేప రాకపోతే మరో తరానికి ఆ మాటలు కూడా రావు. అప్పుడు వాటి కోసం ఎవరు ఏ ఊరికి తిరిగివస్తారు?

మొన్న సెలవులో యానాం వెళ్ళినప్పుడు మా వీధిలో వల అల్లుకుంటున్న ఒక పెద్దాయనకు ఫ్రేజర్ సంగతంతా చెప్పాను. గుర్తు వేసి వదిలేస్తారంటే ముక్కు మీద వేలేసుకున్నాడు. ఇరవై రెండు రోజుల మాట ఎత్తగానే మాత్రం వల పక్కన పెట్టాడు.

"బాగానే ఉంది బాబుగారూ. సంవత్సరంలో మేం నాలుగు డబ్బులు చూసేది ఆ రోజుల్లోనే. వల ఎత్తమంటే ఎత్తుతాం. మీ బ్యాంకు ఆ నెల వాయిదా ఎత్తుతుందా మరి?"

పంట అప్పుకు కోతల్ని చూసి గడువు పెడతాం. 2018–19లో కిసాన్ క్రెడిట్ కార్డు మత్స్యకారులకూ వర్తింపజేశారు. పడవకూ వలకూ ఇచ్చిన అప్పుకు కూడా చేప రాకపోకలను చూసి గడువు పెట్టవచ్చు. ఆ నెల రోజుల భృతి ఎవరు ఇవ్వాలో, వేలంపాటలో వేలు పెట్టి కొనేవాళ్ళ దగ్గర కొంత ఎలా తీసిపెట్టాలో కూర్చుని లెక్క వేస్తే తేలనిది కాదు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. లెక్క వేసి తీసుకొస్తానని మాట ఇచ్చాను. కాగితం మీద సగం అయింది.