గుట్ట దిగే సైకిలు

మా వైపు ఆడపిల్ల చేతికి సైకిలు వచ్చిందంటే దాని వెనక ఒక కారణం ఉండి తీరుతుంది. బడి దూరం. బస్సు రాదు. ట్యూషన్ అయ్యేసరికి చీకటి పడుతుంది. మగపిల్లవాడు సైకిలు కావాలని ఏడిస్తే ఆ ఏడుపే చాలిన కారణం. ఈ తేడా నాకు తెలియనిది కాదు గానీ, దాన్ని కూర్చుని రూపాయల్లో లెక్కపెట్టాల్సి వచ్చింది మాత్రం ఈ మధ్యనే, మా మేనకోడలు "గుట్ట మీదికెల్లి దిగే సైకిల్ కావాలె అత్తమ్మా" అన్నప్పుడు.

ఆమెకు పందొమ్మిదేళ్లు. రామన్నపేట నుంచి రోజూ బస్సులో భువనగిరి పోయి డిగ్రీ చదువుతోంది. భువనగిరిలో కోట ఉన్న ఏకశిల గుట్ట దగ్గర రాళ్లెక్కటం నేర్పే బడి ఉంది. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి రోజుల్లో సాధన చేసింది ఆ రాళ్ల మీదే. మా పిల్ల కూడా కొన్నాళ్లు అక్కడ తాడు పట్టుకుంది. పట్టుకుని, తనకు ఎక్కటం కన్నా దిగటం ఇష్టమని తెలుసుకుంది. ఇంట్లో ఎవరికీ ఈ మాట అర్థం కాలేదు. ఎక్కటానికి మన దగ్గర బోలెడు మాటలున్నాయి: శిఖరం, జెండా, ఊరికి పేరు. దిగటానికి ఏమున్నాయి? మన భాషలో దిగటం దిగజారటానికి మరీ దగ్గరగా ఉంటుంది. ఆడపిల్ల విషయంలో ఇంకొంచెం దగ్గరగా.

మా వదిన సూటిగా అడిగింది: "గుట్ట దిగనీకి సైకిలెందుకే? నడిచి దిగరాదా?"

ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోలేను, ఎందుకంటే అడిగిన డబ్బు వదినది. మాది మగ్గం ఇల్లు. మా మండలంలో సిరిపురం, వెల్లంకి వంటి ఊళ్లలో, అటు పోచంపల్లిలో లాగే, మగవాళ్లు మగ్గం మీద కూర్చుంటే ఆడవాళ్లు కండెలు చుడతారు, ఆసు పోస్తారు. నేసినది మగవాడి పని, మిగిలిందంతా ఇంటిపని. ఆసు పోయటం చూడని వాళ్లకు చెప్పాలి. అర్ధచంద్రాకారంగా ఉన్న మేకుల మీదికి పోగును చేరుస్తూ చెయ్యి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు ఆడుతూనే ఉండాలి. ఒక్క చీరకు తొమ్మిది వేల సార్లని లెక్క చెబుతారు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే బాధ చూడలేక ఈ పనికి యంత్రం కనిపెట్టి, 1999 నాటికి దాన్ని ఒక రూపానికి తెచ్చి, ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మా ఇంటికి ఆ యంత్రం చేరేసరికి మా అమ్మ కుడి భుజం పైకి లేవటం మానేసింది. వదిన భుజం సగం మిగిలింది. వదిన చెయ్యి ఇన్నేళ్లలో ఆడిన ఆటనంతా రోడ్డు మీద పొడుగ్గా పరిస్తే ఎన్ని జిల్లాలు దాటేదో. ఆమె మాత్రం ఆ గోడ పక్కనే ఉంది.

ఆ కూలీలోంచి నెలనెలా కట్టిన చిట్టీ ముప్పై వేలు. పిల్ల పెళ్లి బంగారం కోసం. "ఇయ్యాల్టి ధరకు అర తులం గూడ రాదమ్మా" అని పిల్ల వాదన. బంగారం ఇంట్లో ఉంటే పెరుగుతుంది, సైకిలు ఇంటికి తెచ్చిన రోజే సగమవుతుంది అని వదిన వాదన. ఇద్దరిదీ నిజమే. నేను మధ్యలో కూర్చుని ఇద్దరి చేతా మాటలు పడ్డాను.

ఆడవాళ్లకు సైకిళ్లు ఇచ్చిన సందర్భాలు మన దేశంలో గొప్పవే ఉన్నాయి. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేల మంది పల్లె ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్లు చాలక మగవాళ్ల సైకిళ్లే తొక్కారు. ముందు కడ్డీ మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చని దాన్నే మెచ్చుకున్నారు కూడా. 2006లో బీహార్ ప్రభుత్వం తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిలు కోసం రెండు వేల రూపాయలిచ్చింది. వీటి విలువ తక్కువ చేసి మాట్లాడను. నేను కూడా నాన్న సైకిలు కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, అరతొక్కుడు తొక్కి బడికి పోయినదాన్నే. కానీ చూడండి, ప్రతి సైకిలూ ఎక్కడికో పనిమీద పోతోంది. నీళ్ల బిందెతోనో, పుస్తకాలతోనో, చంటిపిల్లతోనో పోతోంది. ఏ పనీ లేకుండా ఒక గుట్ట మీది నుంచి కిందికి రావటానికి, వచ్చి మళ్లీ పైకి తోసుకుపోవటానికి ఆడపిల్లకు డబ్బెవరిస్తారు?

ఇంకొక భయం ఉంది. నల్లగొండ జిల్లాలో పుట్టినవాళ్లకు ఎముక అన్న మాట తేలిగ్గా రాదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన మనుషుల్ని, నిలబడలేని పిల్లల్ని చూస్తూ పెరిగాం. కాళ్లూ చేతులూ సరిగ్గా ఉన్న పిల్ల వాటిని కోరి గుట్ట మీది నుంచి పడేసుకుంటుందా అని మా అమ్మ ఏడ్చింది. అందుకే ముందు తలకూ మోకాళ్లకూ డబ్బు తీసి పక్కన పెట్టాలని, మిగిలినదాంట్లోనే సైకిలు చూడాలని నేను షరతు పెట్టాను. దవడ కూడా మూసే హెల్మెట్, మోకాలి చిప్పలకు, మోచేతులకు తొడుగులు. ముప్పై వేలలో ఆరు వేలు అక్కడే పోయాయి.

మిగిలిన ఇరవై నాలుగు వేలకు అసలైన డౌన్‌హిల్ సైకిలు రాదు. అది లక్షల వ్యవహారం. ముందూ వెనకా ఇరవై సెంటీమీటర్ల దాకా కుంగి లేచే షాకప్‌లుంటాయి దానికి. హైదరాబాదులో మేం పోయిన మొదటి దుకాణంలో ఆయన మాట్లాడిందంతా మా తమ్ముడితోనే. తొక్కేది ఎవరని అడగలేదు. చెప్పాక బుట్ట ఉన్న గులాబీరంగు సైకిలు చూపించాడు. అది వద్దంటే, రెండు షాకప్‌లూ ఉండి పదిహేను వేలకే వచ్చేది బయటికి తీశాడు. చూపుకు పులిలా ఉంది. పిల్ల సీటు మీద చేత్తో గట్టిగా నొక్కి వదిలింది. అది మంచం మీద పిల్లాడిలా ఎగిరింది. లోపల ఉన్నది ఉత్త స్ప్రింగు. మంచి షాకప్‌లో ఆ ఎగురుడును ఆపటానికి నూనె ఉంటుంది. చవక దాంట్లో కుంగటం ఉంటుంది గానీ ఆగటం ఉండదు, దిగుడులో అదే మనిషిని ముందుకు విసిరేస్తుంది. పైగా ఆ స్ప్రింగూ కీళ్లూ కలిసి అదనపు బరువు, కొన్నాళ్లకు కీళ్లలో లొడలొడ. తక్కువ డబ్బుతో మొదటి సైకిలు కొనేవాళ్లు వెనక షాకప్ ఆశ వదులుకోవాలి. ముందు మాత్రమే షాకప్ ఉండి వెనక బిగువుగా ఉండే ఫ్రేమును హార్డ్‌టెయిల్ అంటారు. అదే నయం. వెనక చక్రం తినే దెబ్బ తొక్కేవాళ్ల కాళ్లకు తెలుస్తుంది, కాళ్లు నేర్చుకుంటాయి.

అసలు డబ్బు పెట్టాల్సింది బ్రేకులకు. నూనెతో పనిచేసే డిస్క్ బ్రేకయితే ఒక్క వేలితో పడుతుంది, మిగిలిన వేళ్లు హ్యాండిల్‌ను వదలక్కర్లేదు. తీగ బ్రేకుకు పది నిమిషాల దిగుడులోనే చెయ్యి పీకుతుంది. చాలా సైకిళ్ల బ్రేకు పిడి మగవాళ్ల వేళ్ల పొడుగుకే బిగించి ఉంటుంది. మా పిల్లకు అది అందలేదు. "ఆడపిల్లల చేతులు చిన్నవి గదమ్మా" అన్నాడు ఆ దుకాణాయన సానుభూతిగా. పిడి మొదట్లో ఒక చిన్న మర ఉంటుంది. దాన్ని తిప్పితే పిడి దగ్గరికి వస్తుంది. ఆ మర ఆయన దుకాణంలో ప్రతి మంచి సైకిలుకూ ఉంది. పిల్లే ఎలన్ కీ అడిగి తిప్పుకుంది.

ఆఖరికి కొన్నది సెకండ్ హ్యాండ్‌దే. చదువు ముగించి ఊరికి పోతున్న ఒక ఇంజనీరింగ్ కుర్రాడి దగ్గర, ఇరవై ఒక్క వేలకు. హ్యాండిల్ కిందుండే అతుకు దగ్గర రంగు మీద వెంట్రుకంత గీత ఉన్నా అది పగులు కావచ్చని పిల్ల టార్చిలైటు వేసి వెతికింది. చక్రం గాలిలో తిప్పి వంకర చూసింది, పుల్లలు ఒక్కొక్కటీ వేలితో మీటింది. మూడు వేలు మిగిలాయి. వాటితో వెడల్పు టైర్లు వేయించింది. సీటు దించటానికి ఖరీదైన మీట కొనలేదు. దిగేముందు చేత్తో బిగింపు విప్పి సీటు కిందికి నొక్కుతుంది, అంతే.

1976లో అమెరికాలో ఈ ఆట మొదలైనప్పుడు కూడా కథ ఇలాంటిదే. కాలిఫోర్నియాలో కొందరు కుర్రకారు 1930, 40ల నాటి పాత బరువు సైకిళ్లను చవగ్గా పట్టుకొచ్చి ఒక గుట్ట బాటలో పందేలు పెట్టుకున్నారు. పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకులు వాటివి. మూడు కిలోమీటర్ల పైచిలుకు దిగుడుకే లోపలి గ్రీజంతా కాలిపోయి మళ్లీ కూరాల్సి వచ్చేది. అందుకే ఆ బాటకు రీప్యాక్ అని పేరు. వాళ్లలో వెండీ క్రాగ్ అనే ఆమె కూడా దిగింది. ఆ రోజుల గురించి ఇవాళ మనం చూసే ఫొటోలు చాలావరకు ఆమె తీసినవే. మగవాళ్ల గురించి చెప్పుకునే చరిత్రలో కెమెరా వెనక నిలబడ్డ మనిషి కనపడకపోవటం మనకు కొత్త కాదు. 1990లో డురాంగోలో జరిగిన మొదటి ప్రపంచ పోటీల్లోనే ఆడవాళ్లకు డౌన్‌హిల్ పందెం ఉంది, కెనడాకు చెందిన సిండీ డివైన్ గెలిచింది. మా పిల్లకు ఈ పేర్లన్నీ నోటికి వచ్చు. నాకు ఆమె చెప్పినవే.

మా దగ్గర ఇందుకోసం వేసిన బాటలేవీ లేవు. నారాయణపురం అవతల రాచకొండ గుట్టల అంచుల్లో ఉన్నవి మేకల బాటలు, కట్టెల కోసం, సీతాఫలాల కోసం పోయే ఆడవాళ్ల బాటలు. మొరం, గులకరాళ్లు, మధ్యలో బండ. మొదటి ఆదివారం నేనూ పోయాను. పిల్ల రెండు వంపులు దిగి, మూడో వంపు దగ్గర సైకిలు దిగి నిలబడిపోయింది. నెత్తిన సీతాఫలాల గంపతో వస్తున్న తండా మనిషి ఆమెను కాసేపు చూసి, "ముంగట చూస్తూ ముంగటికే వంగితే పడ్తవు. నడుం ఎన్కకు ఎయ్యి, మోకాళ్లు వంచు" అంది. ఆమె అలాగే దిగి చూపించింది, గంప కదలకుండా. ఈ సంగతి చెప్పే వీడియోలు పిల్ల ఎన్నో చూసి ఉంటుంది. అయినా ఆమె నడుమును చూశాకే మూడో వంపు దిగింది.

సాయంత్రం ఇంటికి వచ్చాక వదిన సైకిలు చుట్టూ తిరిగి చూసింది. దుమ్ము తుడిచింది. వెనక బ్రేకు దగ్గర ముక్కువాసన చూసి "కాలిన వాసనొస్తుంది" అంది. దిగుడు ఎక్కువైతే లోపలి బ్రేకు ప్యాడ్లు అరుగుతాయి, మార్చుకుంటూ ఉండాలి, జత నాలుగు వందలని పిల్ల భయపడుతూ చెప్పింది. వదిన లోపలికి పోయి, కండెల బుట్ట అడుగు నుంచి డబ్బు తీసి లెక్కపెట్టింది.

"రెండు జతలు తీస్కో" అంది.