ఓడ నెత్తిమీది తెల్లని గుమ్మటం

పిల్లలూ! మీలో సముద్రతీరాన ఉన్నవాళ్ళు పెద్ద ఓడలను చూసే ఉంటారు. ఓడ నడిపే గది పైకప్పు మీద తెల్లగా, గుండ్రంగా, బోర్లించిన కాగులాంటిది ఒకటి కనిపిస్తుంది. చాలామంది దానిని మంచినీళ్ళ తొట్టి అనుకుంటారు. కాదు. దాని లోపల మూకుడు ఆకారంలో ఒక ఏంటెన్నా ఉంటుంది. నడిసముద్రంలో ఉన్న నావికుడు ఇంటికి టెలిఫోను చేశాడంటే, అతని మాటలు ఆ ఏంటెన్నా నుంచి బయలుదేరి, భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహాన్ని చేరి, అక్కడినుంచి మళ్ళీ కిందికి వస్తాయి. ఆ ఎత్తున తిరిగే ఉపగ్రహం భూమితో సమానంగా తిరుగుతుంది గనక, మనకు ఆకాశంలో ఒకేచోట నిలిచి ఉన్నట్టే లెక్క. ఇటువంటి ఉపగ్రహాల సాయంతో ప్రపంచమంతా మాట్లాడుకోవచ్చునని 1945లోనే ఆర్థర్ సి. క్లార్క్ అనే రచయిత రాశాడు. ఓడల కోసం ఇన్‌మార్‌శాట్ అనే అంతర్జాతీయ సంస్థ 1979లో ఏర్పడి, 1982లో పని మొదలుపెట్టింది.

ఉపగ్రహం నిలిచి ఉన్నా ఓడ నిలిచి ఉండదు కదా! ఓడ ఎడమకు ఒరిగితే గుమ్మటంలోని మోటార్లు ఏంటెన్నాను అంతమేరకు కుడికి తిప్పుతాయి. ఓడ దారి మార్చినా అది మటుకు ఉపగ్రహంకేసే చూస్తూ ఉంటుంది. అయితే ఎంత తెలివిగల ఏంటెన్నా అయినా ఇనుప గోడ గుండా చూడలేదు. అందుచేత దానిని ఎక్కడ పెట్టాలన్నది పెద్ద సమస్య.

ఈ సమస్య మీకు అర్థం కావాలంటే ఒక పని చేయండి. మీ ఇంటి పెరట్లో నిలబడి, చెయ్యి బాగా చాచి పిడికిలి బిగించండి. ఆ పిడికిలి వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. నేలా ఆకాశమూ కలిసేచోటి నుంచి నడినెత్తి దాకా తొమ్మిది పిడికిళ్ళు పడతాయి. ఇప్పుడు నిలబడినచోటనే చుట్టూ తిరుగుతూ, ఏ పక్కన ఎన్ని పిడికిళ్ళ ఆకాశాన్ని ఏది మరుగు చేస్తున్నదో కాగితం మీద రాసుకోండి. దూరాన ఉన్న పెద్ద మేడ కన్న దగ్గర ఉన్న సన్నని స్తంభం ఎక్కువ ఆకాశాన్ని మింగటం చూసి మీకు ఆశ్చర్యం కలుగుతుంది. 30 సెంటీమీటర్ల లావు స్తంభం 3.4 మీటర్ల దూరాన ఉంటే 5 డిగ్రీల ఆకాశం పోతుంది. అదే స్తంభం 1.7 మీటర్ల దూరాన ఉంటే 10 డిగ్రీలు పోతుంది.

మన విశాఖపట్నంలో ఉపగ్రహం ఇంచుమించు నెత్తికి ఎగువనే ఉంటే, ఆరేడు పిడికిళ్ళ ఎత్తున ఉంటుంది. అంత ఎత్తున ఉన్నదానికి పొగగొట్టం అడ్డు రాదు. ఓడ ఉత్తరానికి వెళ్ళినకొద్దీ అది దక్షిణాన కిందికి దిగుతుంది. నార్వే దేశంలో నార్విక్ అని ఇనుప ఖనిజం ఎగుమతి చేసే రేవు ఉన్నది. అక్కడ అది ఎంత బాగా కనిపించినా 13 డిగ్రీల ఎత్తే. అంటే పిడికిలికి కొంచెం ఎక్కువ.

నా దగ్గర ఎనిమిదో తరగతిలో లెక్కలు నేర్చుకున్న కుర్రవాడు ఒకడు ఖనిజం మోసే ఓడలో విద్యుత్తు ఆఫీసరుగా ఉన్నాడు. వాళ్ళ ఓడ ఆ నార్విక్‌కే పోతూ ఉండగా వంటవాడికి పొట్టలో కుడిపక్క విపరీతమైన నొప్పి వచ్చింది. కెప్టెన్ ఒడ్డున ఉన్న డాక్టరుకు ఫోను చేశాడు. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు చెప్పేలోపలే మాట తెగిపోయింది. మళ్ళీ చేస్తే మళ్ళీ తెగిపోయింది. ఓడ ఉత్తరానికి పోతున్నది, ఉపగ్రహం వెనకపక్క కిందుగా ఉన్నది, రెంటికీ మధ్య పొగగొట్టం! చివరకు కెప్టెన్ ఓడను దారి తప్పించి 30 డిగ్రీలు పక్కకు తిప్పి, డాక్టరు చెప్పినదంతా రాసుకుని, తరవాత మళ్ళీ దారిలో పెట్టాడు. వంటవాడు రేవు చేరి, ఆపరేషను చేయించుకుని బతికాడు.

ఆ ఏంటెన్నాను అక్కడ ఎవరు పెట్టారంటారా? తీగ తక్కువ పడుతుందని ఎవరో పెట్టారు. రేవులో పరీక్షించిననాడు అది బ్రహ్మాండంగా పనిచేసింది కూడాను.

తరవాత ఆ ఓడ మరమ్మతుకు విశాఖపట్నం వచ్చినప్పుడు నేను చూడబోయాను. "అన్నిటికన్న ఎత్తయిన స్తంభం కొసన పెట్టేస్తే తీరిపోదుటరా?" అన్నాను.

"అదే కుదరదు, మాస్టారూ! కొబ్బరిచెట్టు మొదలు కదలకపోయినా మొవ్వు ఊగుతుంది గదా!" అన్నాడు వాడు. ఓడ 10 డిగ్రీలు ఒరిగితే, అది ఊగే కేంద్రానికి 20 మీటర్ల పైన ఉన్న వస్తువు ఒక్కొక్క పక్కకు మూడున్నర మీటర్లు పోతుంది. యంత్రం వణుకుకు మోటార్లూ, మరలూ త్వరగా అరిగిపోతాయి. పైగా కొసన రాడారు తిరుగుతూ ఉంటుంది. దాని కిరణం ఏంటెన్నాకు సూటిగా తగలకూడదు కాబట్టి, ఏంటెన్నా దానికన్న పైనో కిందో, దూరంగా ఉండాలి. పొగగొట్టం దగ్గరయితే వేడీ, మసీ. దిక్సూచి దగ్గరయితే ముల్లు తప్పుదారి చూపుతుంది. మనుషులు నడిచే ఎత్తున పెడితే, ఏంటెన్నా పంపే తరంగాలు వాళ్ళ ఒంటికి తగులుతాయి. ఇన్ని వద్దులు పోగా మిగిలేది జానెడు చోటు. అక్కడ కూడా ఏదో ఒక పక్క కొంత చాటు తప్పదు.

అందుచేత వాళ్ళు రెండు గుమ్మటాలు పెట్టదలిచారు, పైకప్పుకు ఎడమన ఒకటి, కుడిన ఒకటి. ఎడమదానికి పొగగొట్టం చాటయ్యే దిక్కు వేరు, కుడిదానికి వేరు. ఒకటి చూడలేనప్పుడు రెండోది చూస్తుంది. ఇది నాకు ఎంతో నచ్చింది.

ఇక చోటు సిద్ధం చేయటం నేను దగ్గర ఉండి చూశాను. లావాటి ఇనుప గొట్టాన్ని పైకప్పుకు వెల్డింగు చేయాలి. అంతకుముందు ఒకడు కిందిగదిలోకి వెళ్ళి, సరిగ్గా ఆ చోట కప్పుకు ఉన్న చెక్కలూ, మెత్తలూ ఊడదీసి, మంటలార్పే డబ్బా పట్టుకుని కాపలా కూర్చున్నాడు. పైన నిప్పు పెడితే కింద అంటుకుంటుంది మరి! పలచని రేకు మీద గొట్టం నిలవదు గనక కింద అడ్డదూలాలు వేశారు. గొట్టం నిట్టనిలువుగా ఉన్నదో లేదో ఓడ ఒరగకుండా ఉన్నప్పుడే చూశారు. గుమ్మటం మీద ఉన్న గుర్తును ఓడ ముక్కుకేసి తిప్పారు. గుమ్మటం కింద మనిషి దూరే సందు వదిలారు, లోపల చెడిపోతే బాగు చేయాలి గదా. దానికి రంగు వేయబోయిన కుర్రవాణ్ణి మావాడు కేకవేసి ఆపాడు. లోహపు పొడి కలిసిన రంగు పడిందంటే తరంగాలు బయటికి పోలేవు.

వారం రోజుల తరవాత ఓడ రేవు దాటి, సముద్రంలో ఒకేచోట నెమ్మదిగా గుండ్రంగా తిరిగింది. ప్రతి 10 డిగ్రీలకూ మావాడు రెండు ఏంటెన్నాల బలమూ చూసి రాసుకున్నాడు. మన దగ్గర ఉపగ్రహం ఎత్తున ఉంటుంది గనక ఆ అంకెలు చాలవు. అందుకని ఏయే దిక్కున ఏయే ఎత్తు దాకా ఏది చాటో కొలిచి, ఒక పటం గీశాడు. అది ఇప్పుడు ఓడ నడిపే గదిలో, టెలిఫోను పక్కన, గోడకు అంటించి ఉన్నది.