గండిపేట పైన పొలాలు

శంకర్‌పల్లి రోడ్డులో మొన్నటిదాకా కొత్తిమీర మళ్లు ఉన్న చోట ఇప్పుడు సున్నం కొట్టిన హద్దురాళ్లు. ఎకరాన్ని గుంటలుగా కోసి ఫామ్ ప్లాట్లంటూ అమ్ముతున్నారు. 121 గజాల్లో ఎవరేం పండిస్తారండీ?

1908 మూసీ వరద తర్వాత కట్టిన గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడటానికే 1996లో 111 జీవో తెచ్చారు. 84 ఊళ్లలో కాలుష్య పరిశ్రమలు, పెద్ద కాలనీలు వద్దన్నారు. మొయినాబాద్, చేవెళ్ల వైపు కూరగాయల తోటలు, పూలతోటలు ఇన్నాళ్లు మిగిలాయంటే అందులో ఆ జీవో చలవ చాలా ఉంది. 2022లో 69 జీవోతో ఆ ఆంక్షలు సడలించారు.

పక్క ఊళ్లో భూమి కోట్లు పలుకుతుంటే తమకు ధర రాలేదన్న రైతుల బాధ నిజం. దానికి పరిహారం ఇవ్వండి, పంటకు గిట్టుబాటు ధర ఇవ్వండి. లేఅవుట్లకు మాత్రం ఒప్పుకోకండి. వాననీళ్లు గండిపేటకు చేరేది ఆ పొలాల మీదుగానే.