ముగ్గును, రైలుపట్టాలును

గీత కనబడినంతమాత్రమున దారి తెలిసినట్లు కాదు. మెలికల ముగ్గు వేయు సోదరీమణులకు ఈ సంగతి మేము చెప్పనక్కఱలేదు. ముగ్గులో గీతను గీత దాటుచుండును. దాటినచోట నెటు పోవలెనో చేతికి దెలియునుగాని నేలమీది పిండి చెప్పదు. రైలుపట్టాల విషయమును ఇట్టిదేయని మా యింటి బొమ్మరైలు మాకు నేర్పినది.

మేము మణుగూరు నివాసులము. దోర్నకలునుండి కొత్తగూడెము మీదుగా వచ్చు ప్రయాణికుల బండ్లకు ఇదియే కడపటి స్టేషను. ఇచ్చటి సింగరేణి గనుల బొగ్గును పట్టాలమీద పోవుచుండును. కడపటి స్టేషనులో ఇంజను బండియొక్క ఒక కొననుండి రెండవ కొనకు జేరవలెనన్న పక్కపట్టా కావలెను. బొగ్గు వ్యాగనులకు వేఱు పట్టాలు కావలెను. ఇట్టి స్టేషను నొకదానిని మా పెద్దమ్మాయి బల్లమీద నమర్చి కంప్యూటరుతో నడుపబూనినది. అందులకు జె.ఎం.ఆర్.ఐ. అను సాధనము ఉచితముగా లభించును. ఆమెతోపాటు మేమును దానిని గొంత నేర్చితిమి.

పట్టాలను తెరమీద గీచుట సులభమే. చిక్కంతయు గీతలు కలియుచోట గలదు. రెండు పట్టాలు కత్తెరవలె దాటుచు, ఏ బండికిని పక్కకు దిరుగ వీలులేనిది డైమండు క్రాసింగు. చూచుటకు ఇంచుమించుగా నట్లే యుండియు, వచ్చిన బండిని ఎదుటి రెండు పట్టాలలో దేనికైనను బంపగలది డబుల్ స్లిప్పు. దాని నాలుగు కొనలకు ఎ, బి, సి, డి యని పేళ్లు. ఎ నుండి సి, ఎ నుండి డి, బి నుండి సి, బి నుండి డి అను నాలుగు దారులలో ఒక్కొక్కదానికి రెండు పాయింట్లును ఏ స్థితిలో నుండవలెనో కంప్యూటరుకు విడివిడిగా దెలుపవలెను. మూడు దారులుగా చీలు పాయింటును రెండు పాయింట్ల జంటగా దెలుపవచ్చును. రెండును తిన్నగా నున్న నడిమి దారి. ఒకటి తిరిగిన నెడమ. రెండవది తిరిగిన కుడి. రెండును ఒక్కసారి తిరుగుట మాత్రము నిషిద్ధము. పోదగిన దారులనే గాక, పోరాని దారులను గూడ జెప్పినగాని పటము పూర్తి కాదు.

ఇంతకంటె ముఖ్యమైనది మఱియొకటి గలదు. పాయింటును తిరుగుమని ఆజ్ఞాపించుట వేఱు, అది తిరిగినదని యెఱుంగుట వేఱు. ఒకనాడు అమ్మాయి కావలెననియే ఒక పాయింటు తీగను ఊడదీసి, తిరుగుమని తెరమీద నొక్కినది. తెరమీది గీత తిరిగినది. బల్లమీది పాయింటు కదలలేదు. బండి మఱియొక పట్టాకు బోయి అచ్చట నిలిచియున్న పెట్టెలను గొట్టుకొన్నది. పిమ్మట పాయింటునకు రెండు చిన్న స్విచ్చులు అమర్చి, అవి చెప్పిన స్థితినే తెర చూపునట్లు చేసినది. “ఆడపిల్లకు ఈ యినుప పనులేల?” యని అంతవఱకు విసుగుకొనుచున్న మా అత్తగారు ఇది చూచి, “అనగా ఆజ్ఞ యిచ్చినవాని మాట కాదు, చూచి వచ్చినవాని మాట నమ్మవలెనన్నమాట” అనిరి. “అంతే, నాయనమ్మా!” అని పిల్ల సంతోషించినది.

ఇది బొమ్మలాటయని తేలికగా నెంచరాదు. 2023 జూన్ 2వ తేదీన ఒడిశాలోని బహానగా బజారు స్టేషనులో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్సుకు ముఖ్యమార్గమున బొమ్మని సిగ్నలు లభించినది. పాయింటు మాత్రము పక్కపట్టాకు దిరిగియున్నది. బండి అచ్చట నిలిచియున్న గూడ్సును ఢీకొనగా 290 మందికి పైగా మరణించిరి. పూర్వము సిగ్నలు తీగలలో చేసిన మార్పులందలి లోపములే కారణమని విచారణలో దేలినది. విశాఖపట్టణము, విజయవాడల మీదుగా మనవారెందఱో పోవు బండి యది.

అమ్మాయి ఇంజనీరింగు చదివి రైల్వేలో సిగ్నలు పనిలో జేరెదనని కోరుచున్నది. రైల్వే ఉద్యోగులకు ఆ విద్య నేర్పు సంస్థ 1957 నుండి మన సికింద్రాబాదులోనే యున్నది. ఇంటిలో సందేహించువారు ఇంకను లేకపోలేదు. కాని బియ్యములో ఱాయి మిగిలినదేమోయని రెండవమాఱు చూచు కన్నులు ఈ పనికి మిక్కిలి యవసరమని మా నమ్మకము. సోదరీమణులారా, మీ యింట నే పిల్లయైనను తీగలు, స్విచ్చులు ముందు వేసికొని కూర్చున్న నామెను వంటింటికి బిలుచుటకు ముందు, “ఇది యెట్లు పనిచేయు?”నని యొక్క ప్రశ్న యడుగుడు.