బొగ్గు కింద మంచు

2025ను ఐక్యరాజ్యసమితి హిమానీనదాల సంవత్సరమంది. ఆ ఎండాకాలం గోదావరిఖనిలో కూలర్ ముందు కూర్చుని వరుసగా మంచు మీద ఆన్‌లైన్ సెమినార్లు విన్నాను.

ఓ సాయంత్రం తాజా మంచు గురించి చెబుతున్నారు. పడ్డ వెలుగులో 80 శాతానికి పైగా తిప్పి పంపేస్తుందట. మీద కాస్త మసి పడితే ఎండను తాగి త్వరగా కరుగుతుందట. 'మసి' అనగానే బాపు తలెత్తాడు. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో దిగిన మనిషి.

"మన బొగ్గుదేనా గా మసి?"

ఎక్కువగా కట్టెల పొయ్యిలది, డీజిలుది, ఇటుకబట్టీలది అన్నాను. బొగ్గు కాలితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ సంగతి ఎత్తలేదు. మాట మార్చి తాల్చేరు రాళ్ల గురించి చెప్పాను. మన బొగ్గు పొరల కన్నా అడుగున, దాదాపు 30 కోట్ల ఏళ్ల కింద హిమానీనదాలు వదిలేసిపోయిన గుండ్లు, మట్టి ఉన్నాయని. ఒడిశా తాల్చేరులో అలాంటి రాళ్లను చూసి, ఇది మంచు పనేనని 1856లోనే బ్లాన్‌ఫర్డ్ సోదరులు పోల్చుకున్నారని. చంద్రాపూర్ దగ్గర ఇరాయిలో సున్నపురాయి మీద ఆ మంచు గీసిన గీతలు దొరికాయని. మంచు వెనక్కిపోయాక పెరిగిన అడవులే మన బొగ్గని.

బాపు కాసేపు కూలర్ దిక్కే చూసిండు. అది తిరిగేదీ బొగ్గు కరెంటుతోనే.

"మంచు పోతే బొగ్గయింది. బొగ్గు కాలవెడితే మంచు పోతున్నది. గంతేనా?"

నేను దాచింది ఆయనే తవ్వి తీశాడు.

"నీ ఫీజులు గా బొగ్గుతోనే కట్టిన బిడ్డా," అన్నాడు మెల్లగా. కొంచెం ఆగి, "రేపు గూడ ఉన్నదా, గా మంచు క్లాసు?"