పందెం కాసినదెవరు?

నరసరావుపేటలో మా కళాశాల తరగతిలో పల్నాటి వీరచరిత్ర చెపుతున్నాను. కోడిపందెంలో ఓడి, మాటకు కట్టుబడి, మాచర్ల పక్షం ఏడేళ్లు వలసపోయిన ఘట్టం. బ్రహ్మనాయుని సత్యసంధతను మెచ్చుకుంటూ వుండగా ఒక విద్యార్థి లేచాడు. తండ్రి పిడుగురాళ్ల సున్నపుబట్టీలో కూలి.

"మాస్టారూ, పందెం కాసింది నాయకులు గదా! వూళ్లో జనాన్ని ఎవరైనా అడిగారా?"

నాకు జవాబు తోచలేదు. ఇంటికి వెళ్లినా ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

సున్నపురాయిని కాలిస్తే రాయిలోనే ఇమిడివున్న బొగ్గుపులుసు వాయువు బయటపడుతుంది. ఏ ఇంధనం వాడినా రాయి గుణం మారదు. ఆ వాయువును గురించే మన పాలకులు ప్రపంచానికి మాట ఇచ్చారు. 2016 ఏప్రిల్ 22న పారిస్ ఒడంబడికపై సంతకం చేశారు. అక్టోబరు 2న ధ్రువీకరించారు. 2021 నవంబరులో గ్లాస్గో సభలో ప్రధానమంత్రి, 2070 నాటికి నికర వుద్గారాలను సున్నా చేస్తామన్నారు. వీటిలో దేనికీ పార్లమెంటులో ఓటు అక్కరలేకపోయింది.

రాజ్యాంగం దీనిని అనుమతిస్తుంది. ఒడంబడికలు చేసుకొనే అధికారం 73వ అధికరణం కింద ప్రభుత్వానిది. వాటి అమలుకు, రాష్ట్రాల జాబితాలోని విషయాలపైన సైతం, చట్టం చేసే అధికారం 253వ అధికరణం కింద పార్లమెంటుది. ఈ రెంటి నడుమ హద్దును 1969లో, కచ్ సరిహద్దుకు సంబంధించిన మగన్‌భాయ్ కేసులో, సుప్రీంకోర్టు గీసింది: ఒడంబడిక పౌరుల హక్కులను కుదించినా, వున్న చట్టాన్ని మార్చినా శాసనం కావలసిందే. అంటే కేవలం సంతకం చూపి బట్టీని మూయించడానికి వీల్లేదు.

ఇంతటితో తృప్తి పడదామా? 1972 స్టాక్‌హోమ్ సభ నిర్ణయాల అమలుకని 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. పరిశ్రమను మూయించే ఆదేశాలిచ్చే అధికారాన్ని ఆ చట్టంలోని 5వ సెక్షను కేంద్ర ప్రభుత్వం చేతికే ఇచ్చింది. హద్దు గీయవలసిన సభే కలాన్ని తిరిగి పాలకులకు అందించిందన్నమాట!

చట్టం వున్నంత మాత్రాన న్యాయం వుండదని పల్నాటివారికి ఒకరు చెప్పనక్కరలేదు. అడవిలో పశువుల మేతకు పుల్లరి వసూలు చేసినదీ చట్టం పేరుతోనే. దానిని ఎదిరించిన కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకిగుళ్లకు బలి అయ్యాడు.

భూమి వేడెక్కరాదన్న మాటను నేను కాదనను. రెంటచింతల ఎండలో మొదట సొమ్మసిల్లేది కూలివాడే. కాని ధ్రువీకరణకు ముందే ఒడంబడికను పార్లమెంటు చర్చించి ఓటు వేయాలి. బట్టీ ఆరితే కూలివానికి వేరే బ్రతుకుతెరువు చూపే బాధ్యతను ఆ చట్టంలోనే వ్రాయాలి.

మర్నాడు తరగతిలో చెప్పాను: "ఆనాడు అడగలేదు నాయనా. ఈనాడూ మీ నాన్నను అడగలేదు. అడిగి తీరాలని పట్టుబట్టవలసినది మనమే."